2⁶⁴ − 1: ఇరవై అంకెల సంఖ్యను కాగితం మీద విప్పి చూసే పద్ధతి

చదరంగం పటంలోని మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు చొప్పున ప్రతి గడికీ రెట్టిస్తూ అరవై నాలుగు గడులూ నింపితే మొత్తం గింజలు 18446744073709551615 అవుతాయి. మన పద్ధతిలో కామాలు పెడితే అది 1,84,46,74,40,73,70,95,51,615, అంటే సుమారు 1,84,467 కోట్ల కోట్లు. ఇదే సంఖ్య 64 బిట్ల కంప్యూటరు తన ఒక్క రిజిస్టరులో ధన, రుణ గుర్తు లేకుండా ఉంచుకోగల అతి పెద్ద పూర్ణాంకం కూడా. ద్విసంఖ్యామానంలో రాస్తే వరసగా అరవై నాలుగు ఒకట్లు. ఈ వ్యాసంలో దీన్ని 'స' అని పిలుస్తూ, దాని ప్రధాన కారణాంకాలు, భాజకాల సంఖ్య, భాజకాల మొత్తం, ఆయిలర్ ఫై విలువ, వర్గాల మొత్తంగా రాసే తీరు, ఇవన్నీ ఎలా రాబట్టాలో వరసగా చూద్దాం.

ఇరవై అంకెల సంఖ్య ఏదైనా ఇచ్చి కారణాంకాలు కనుక్కోమంటే యంత్రం లేకుండా సాధారణంగా సాధ్యపడదు. అయితే 'స'కు ఒక రూపం ఉంది. రెండు ఘాతంలోంచి ఒకటి తీసేసిన సంఖ్య కావడం, ఆ ఘాతాంకమైన 64 మళ్ళీ రెండు ఘాతమే కావడం వల్ల పని దాదాపు మొత్తం కాగితం మీదే పూర్తవుతుంది. పెద్ద సంఖ్య ఎదురైనప్పుడు ముందు దాని అంకెలను కాకుండా దాని రూపాన్ని చూడాలన్నది ఈ పద్ధతిలో అసలు సూత్రం.

మొదటి మెట్టు: అంకెలు సరైనవో కాదో చూసుకోవడం

ఒక్క అంకె తప్పినా తరువాతి పని అంతా వృథా అవుతుంది కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు. జేబు కాలిక్యులేటర్లు పది పన్నెండు అంకెలకు మించి చూపవు. స్ప్రెడ్‌షీట్లు పదిహేను అంకెల తరువాత ఉన్నవాటిని నమ్మకంగా నిలపలేవు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పూర్ణాంకాలు ఎంత పెద్దవైనా సరిగ్గా ఉంటాయి కానీ, 'స'ను ఒక్కసారి ఫ్లోట్ (float) అనే దశాంశ రకానికి మార్చితే అది 18446744073709551616 అయి కూర్చుంటుంది. అంటే బేసి సంఖ్య సరి సంఖ్యగా మారిపోతుంది. భాజనీయత చూసే పనిలో ఇంతకన్నా పెద్ద ప్రమాదం లేదు.

తెలుగు వారికి ఈ అంకెలను సరిచూసుకునే మార్గం ఇంకొకటి ఉంది. చదరంగపు గింజల లెక్కను భూతసంఖ్యల్లో చెప్పే చంపకమాల పద్యం ఒకటి చాలాకాలంగా ప్రచారంలో ఉంది. అందులో వరసగా వచ్చే మాటలకు విలువలు ఇవి: శర 5, శశి 1, షట్క 6, చంద్ర 1, శర 5, సాయక 5, రంధ్ర 9, వియత్ 0, నగ 7, అగ్ని 3, భూధర 7, గగన 0, అబ్ధి 4, వేద 4, గిరి 7, తర్క 6, పయోనిధి 4, పద్మజాస్య 4, కుంజర 8, తుహినాంశు 1. మన్మథుని బాణాలు ఐదు, కులపర్వతాలు ఏడు, దిగ్గజాలు ఎనిమిది, బ్రహ్మ ముఖాలు నాలుగు అని తెలిసినవారికి ఇందులో కష్టం లేదు. అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయన్న నియమం ప్రకారం ఈ ఇరవై అంకెలనూ తిరగేసి రాస్తే సరిగ్గా 18446744073709551615 వస్తుంది. ఒక్క స్థానంలోనూ తేడా లేదు.

పద్యం జ్ఞాపకం లేనివారు 2¹⁶ = 65536తో మొదలుపెట్టి, దాని వర్గం 2³² = 4294967296 అని తెలుసుకుని, దాన్ని మళ్ళీ వర్గం చేసి ఒకటి తీసివేయాలి. వచ్చిన జవాబును మూడు శేషాలతో పరీక్షించాలి. రెండు ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అని తిరుగుతుంటాయి. 64ను 4 భాగిస్తుంది కాబట్టి 2⁶⁴ చివర 6, 'స' చివర 5 ఉండాలి. ఇక 2⁶ను 9తో భాగిస్తే శేషం 1; 64 = 6 × 10 + 4 కాబట్టి 2⁶⁴కు శేషం 2⁴ శేషమే, అంటే 7, అందువల్ల 'స'కు శేషం 6 రావాలి. అంకెల మొత్తం 87, దాన్ని 9తో భాగించినా శేషం 6. చివరిగా 11తో: 2¹⁰ శేషం 1 కాబట్టి 2⁶⁴ శేషం 2⁴ శేషమైన 5, 'స' శేషం 4. కుడి నుంచి ఒకటి విడిచి ఒకటి కూడితే 62, మిగిలినవి కూడితే 25, తేడా 37, దాని శేషమూ 4. మూడు పరీక్షలూ కుదిరాయి.

రెండో మెట్టు: చిన్న ప్రధాన సంఖ్యలతో తడిమి చూడడం

పై లెక్కల్లోనే కొంత సమాచారం బయటపడింది. చివర 5 ఉంది కాబట్టి 5 భాగిస్తుంది, అంకెల మొత్తం 87 కాబట్టి 3 భాగిస్తుంది, 9 భాగించదు, 11 భాగించదు. 7, 13 వంటి వాటికి భాజనీయతా సూత్రాలు పట్టుకుని ఇరవై అంకెల మీద కుస్తీ పట్టనక్కర లేదు. 2³ను 7తో భాగిస్తే శేషం 1. 64ను 3తో భాగిస్తే శేషం 1. కాబట్టి 2⁶⁴ శేషం 2, 'స' శేషం 1. అలాగే 13 విషయంలో 2¹² శేషం 1, 64 = 12 × 5 + 4, కాబట్టి 'స' శేషం 15 నుంచి 13 పోగా 2. రెండూ భాగించవు. ఘాతాంకంలోని శేషాన్ని చూస్తే చాలునన్న ఈ మెళకువే ముందుముందు అంతా పనిచేస్తుంది.

మూడో మెట్టు: వర్గాల భేదం

ఎనిమిదో తరగతి పిల్లలకు తెలిసిన సర్వసమీకరణమే ఇక్కడ ప్రధానమైన పనిముట్టు. ఒక వర్గంలోంచి ఒకటి తీసివేస్తే, దాని మూలానికి ఒకటి కలిపినదీ ఒకటి తీసినదీ గుణించిన లబ్ధం వస్తుంది. అందువల్ల 2⁶⁴ − 1 = (2³² + 1)(2³² − 1). రెండో కారణాంకం మళ్ళీ అదే రూపంలో ఉంది కాబట్టి విడదీస్తూ పోతే ఇలా తేలుతుంది:

స = (2³² + 1)(2¹⁶ + 1)(2⁸ + 1)(2⁴ + 1)(2² + 1)(2 + 1)
= 4294967297 × 65537 × 257 × 17 × 5 × 3

ఈ ఆరు కారణాంకాలూ గణితంలో పేరు మోసినవి. ఘాతాంకం కూడా రెండు ఘాతంగా ఉండి, దానికి ఒకటి కలిపితే వచ్చే ఇలాంటి వాటిని ఫెర్మా సంఖ్యలంటారు. 3, 5, 17, 257, 65537 ప్రధాన సంఖ్యలు కావడం చూసి, 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు పియర్ ద ఫెర్మా ఈ వరసలోనివన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని నమ్మాడు. తరువాతి సంఖ్య 4294967297 ఆ నమ్మకాన్ని వమ్ము చేసిందని 1732లో ఆయిలర్ చూపించాడు.

రెండు వేర్వేరు ఫెర్మా సంఖ్యలకు 1 తప్ప ఉమ్మడి భాజకం ఉండదు. పైన విడదీసిన తీరే దీనికి నిరూపణ: ఏ ఫెర్మా సంఖ్యనైనా తీసుకుని, దానికన్నా చిన్నవన్నీ గుణించిన లబ్ధాన్ని అందులోంచి తీసివేస్తే మిగిలేది 2. ఉమ్మడి భాజకం ఉంటే అది 2ను భాగించాలి, కానీ ఇవన్నీ బేసి సంఖ్యలు. కాబట్టి ఒక ప్రధాన సంఖ్య ఈ ఆరింటిలో రెండింట కనిపించే అవకాశమే లేదు.

నాలుగో మెట్టు: ఏవి ప్రధాన సంఖ్యలో తేల్చడం

ఇక్కడ కాస్త నిలిచి ఆలోచించాలి, ఎందుకంటే మొత్తం పద్ధతిలో శ్రమ ఆదా అయ్యేది ఈ చోటే. 'ప' అనే ప్రధాన సంఖ్య 2³² + 1ను భాగిస్తుందనుకుందాం. అప్పుడు 2³²ను 'ప'తో భాగిస్తే శేషం −1 (అంటే 'ప − 1'), దాని వర్గమైన 2⁶⁴కు శేషం 1. రెండు ఘాతాల శేషాలు మళ్ళీ 1కి వచ్చి చక్రంలా తిరుగుతాయి. ఆ చక్రం పొడవు 64ను భాగించాలి, కానీ 32ను భాగించకూడదు. అలాంటి పొడవు 64 ఒక్కటే. మరోవైపు ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం 2 మీద 'ప − 1' ఘాతానికి శేషం 1 కాబట్టి, ఆ పొడవు 'ప − 1'ను భాగించాలి. అంటే 'ప' తప్పనిసరిగా 64క + 1 రూపంలో ఉండాలి ('క' ఏదో ఒక పూర్ణాంకం). ఆయిలర్ వాడింది ఈ నియమాన్నే. 1878లో లూకా దీన్ని ఇంకొంచెం బిగించాడు: 'ప'ను 8తో భాగిస్తే శేషం 1 కాబట్టి, వర్గం చేస్తే 2 శేషంగా వచ్చే సంఖ్య ఒకటి ఉంటుంది, దాని ఘాతాల చక్రం పొడవు 128, కాబట్టి 'ప' 128క + 1 రూపంలో ఉండాలి.

చిన్న ఫెర్మా సంఖ్యలకూ ఇదే తర్కం వర్తిస్తుంది. 257 భాజకాలు 32క + 1 రూపంలో ఉండాలి, కానీ వెతకవలసింది వర్గమూలమైన 16 వరకే. ఆ రూపంలో మొదటిదే 33. ఒక్క భాగహారమూ లేకుండా 257 ప్రధాన సంఖ్య అని తేలిపోయింది. 65537కు 64క + 1 రూపంలో, 256 లోపు చూడాలి: 65, 129, 193. వీటిలో 193 ఒక్కటే ప్రధాన సంఖ్య. 65537 = 193 × 339 + 110. శేషం మిగిలింది కాబట్టి 65537 కూడా ప్రధాన సంఖ్యే.

ఇక 4294967297. దీని వర్గమూలం 65536కు కాస్త ఎక్కువ. అంతవరకు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించాలంటే ఆరువేలకు పైగా భాగహారాలు కావాలి. 128క + 1 రూపంలో ఉన్నవి వరసగా 129, 257, 385, 513, 641. వీటిలో 129, 385, 513 సంయుక్త సంఖ్యలు. 257 మరో ఫెర్మా సంఖ్య కాబట్టి భాగించదు. నిజంగా భాగించి చూడవలసిన మొదటి సంఖ్య 641, అది భాగిస్తుంది: 4294967297 = 641 × 6700417.

భాగహారం కూడా చేయకుండా దీన్ని నిర్ధారించుకోవచ్చు. 641 = 5 × 2⁷ + 1; 641 = 5⁴ + 2⁴ కూడా. మొదటి సమీకరణం వల్ల 5 × 2⁷ శేషం −1, దాని నాలుగో ఘాతమైన 5⁴ × 2²⁸ శేషం 1. రెండో సమీకరణం వల్ల 5⁴కు బదులు −2⁴ రాయవచ్చు. అప్పుడు −2³² శేషం 1, అంటే 2³² + 1ను 641 భాగిస్తుంది. సంఖ్యాశాస్త్రంలో ఇంత పొట్టిగా ఇంత సాధించే లెక్కలు అరుదు.

6700417 ఇంకా విడిపోతుందా అన్నది మిగిలింది. దాని భాజకాలు కూడా 4294967297 భాజకాలే కాబట్టి అదే 128క + 1 నియమం వర్తిస్తుంది. వర్గమూలం 2588కి కాస్త ఎక్కువ. ఆ లోపు ఆ రూపంలో ఉన్న ప్రధాన సంఖ్యలు 257, 641, 769, 1153, 1409 మాత్రమే. 257ను ముందే తోసిపుచ్చాం. మిగిలిన నాలుగింటితో భాగిస్తే శేషాలు వరసగా 44, 120, 334, 622. ఏదీ సున్నా కాదు కాబట్టి 6700417 ప్రధాన సంఖ్య. దీంతో కారణాంకాల పని పూర్తయింది:

స = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఒక హెచ్చరిక: శీఘ్ర పరీక్షలను గుడ్డిగా నమ్మకూడదు

సంఖ్య ప్రధానమో కాదో చెప్పడానికి చాలామంది ఫెర్మా పరీక్షను వాడుతుంటారు: 2 మీద 'సంఖ్య − 1' ఘాతానికి శేషం 1 రాకపోతే అది సంయుక్త సంఖ్య. 'స' విషయంలో ఘాతాంకం 2⁶⁴ − 2, దాన్ని 64తో భాగిస్తే శేషం 62, కాబట్టి చివరి శేషం 2⁶². అది 1 కాదు కాబట్టి పరీక్ష సరైన తీర్పే ఇస్తుంది. కానీ 4294967297కు ఘాతాంకం 2³². దాన్ని 64 భాగిస్తుంది కాబట్టి శేషం 1 వస్తుంది, పరీక్ష దీన్ని ప్రధాన సంఖ్య లాగా దాటించేస్తుంది. ఫెర్మా సంఖ్యలన్నీ ఈ పరీక్షను ఇలాగే దాటుతాయి, అవి విడిపోయేవైనా సరే.

ఇక్కడ కావలసింది 1877 నాటి పెపాన్ పరీక్ష. 3ను ముప్పై ఒక్కసార్లు వరసగా వర్గం చేస్తూ, ప్రతిసారీ 4294967297తో భాగించిన శేషాన్నే ఉంచుకోవాలి. సంఖ్య ప్రధానమైతే చివరికి −1, అంటే 4294967296 మిగలాలి. నిజంగా మిగిలేది 10324303. పైథాన్‌లోని పౌ ఫంక్షన్‌కు ఆధారం, ఘాతాంకం, భాజకం అని మూడు సంఖ్యలూ ఇస్తే ఈ జవాబు కన్ను మూసి తెరిచేలోగా వస్తుంది.

ఐదో మెట్టు: భాజకాలకు సంబంధించిన విలువలు

ఏడు ప్రధాన కారణాంకాలూ వేర్వేరు, ఏదీ రెండుసార్లు రాలేదు. కాబట్టి ఏ వర్గమూ (1 తప్ప) 'స'ను భాగించదు. మోబియస్ విలువ (ఇలా అన్నీ వేర్వేరైన ప్రధాన కారణాంకాల సంఖ్య సరి అయితే 1, బేసి అయితే −1) ఇక్కడ −1. ప్రతి కారణాంకాన్నీ తీసుకోవచ్చు, వదలవచ్చు కాబట్టి మొత్తం భాజకాలు 2⁷ = 128.

భాజకాల మొత్తానికి ప్రతి ప్రధాన కారణాంకానికీ ఒకటి కలిపి గుణించాలి: 4 × 6 × 18 × 258 × 642 × 65538 × 6700418 = 31421980989189888768. ఇంత పొడవైన గుణకారాన్ని తప్పకుండా శేషాలతో సరిచూడాలి. గుణించినవాటిలో 18 ఉంది కాబట్టి లబ్ధాన్ని 9 భాగించాలి. అంకెల మొత్తం 117, భాగిస్తుంది. 65538 = 11 × 5958 కాబట్టి 11 భాగించాలి; ఒకటి విడిచి ఒకటి కూడితే 53, 64 వస్తాయి, తేడా 11. ఈ మొత్తంలోంచి 'స'ను తీసేస్తే మిగిలే 12975236915480337153 'స' కన్నా తక్కువ కాబట్టి ఇది లోప సంఖ్యల కోవలోకి వస్తుంది, పరిపూర్ణ సంఖ్యకు చాలా దూరం.

ఆయిలర్ ఫై విలువ, అంటే 'స'తో 1 తప్ప ఉమ్మడి భాజకం లేని చిన్న సంఖ్యలు ఎన్ని అన్నది, మరింత ఆసక్తికరం. ప్రతి కారణాంకంలోంచీ ఒకటి తీసి గుణించాలి. 3, 5, 17, 257, 65537ల నుంచి 2, 4, 16, 256, 65536 వస్తాయి; వీటి లబ్ధం సరిగ్గా 2³¹. దాన్ని 640తోనూ 6700416తోనూ గుణిస్తే ఫై విలువ 9208981628670443520. ఇది 'స'లో సగానికి రవ్వంత తక్కువ. 641 అడ్డు రాకపోతే సగానికి రవ్వంత ఎక్కువే ఉండేది.

అదే అయిదు ప్రధాన సంఖ్యల లబ్ధం 4294967295. గౌస్, వాంట్‌జెల్‌ల సిద్ధాంతం ప్రకారం కొలబద్ద, వృత్తలేఖినిలతో గీయదగిన బేసి భుజాల క్రమబహుభుజుల్లో ఇంతవరకు తెలిసిన అతి పెద్దదానికి ఇన్ని భుజాలుంటాయి. 'స' భుజాల క్రమబహుభుజిని మాత్రం గీయలేము, 641 ఫెర్మా ప్రధాన సంఖ్య కాదు కాబట్టి.

ఆరో మెట్టు: ఘాతాల చక్రాలు

'స'తో భాగిస్తే 2 ఘాతాల చక్రం పొడవు 64. అంతకన్నా చిన్న ఘాతాలన్నీ 'స' కన్నా చిన్నవే కాబట్టి ముందుగా 1 వచ్చే వీలు లేదు. 'స'తో ఉమ్మడి భాజకం లేని ఏ సంఖ్యకైనా సరిపోయే ఘాతాంకాన్ని కార్మైకేల్ విలువ అంటారు. అది 2, 4, 16, 256, 640, 65536, 6700416ల క.సా.గు. 640 = 2⁷ × 5; 6700416 = 2⁷ × 3 × 17449. కాబట్టి క.సా.గు 2¹⁶ × 3 × 5 × 17449 = 17153064960. ఫై విలువ దీనికి సరిగ్గా 2²⁹ రెట్లు.

ఇదంతా వట్టి కుతూహలం కాదు. 2003లో మార్సాలియా ప్రతిపాదించిన ఎక్సార్‌షిఫ్ట్ పద్ధతిలో 64 బిట్ల స్థితితో యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టిస్తే, ఆ వరస 'స' అడుగుల తరువాతే మొదటికి రావాలి. నిజంగా అంత పొడవు ఉందో లేదో తెలుసుకోవడానికి అన్ని అడుగులూ నడవనక్కర లేదు. 'స' అడుగుల తరువాత మొదటికి వస్తుందనీ, 'స'ను ఏడు ప్రధాన కారణాంకాల్లో ఒక్కొక్కదానితో భాగించగా వచ్చే అడుగుల దగ్గర రాదనీ మాత్రికల ఘాతాలతో చూస్తే చాలు. కారణాంకాలు తెలియకపోతే ఈ ఏడు పరీక్షలు చేయలేము.

ఏడో మెట్టు: వర్గాల మొత్తంగా రాయడం

ద్విసంఖ్యామానంలో చివరి మూడు అంకెలు 111 కాబట్టి 'స'ను 8తో భాగిస్తే శేషం 7. వర్గాలను 8తో భాగిస్తే శేషాలు 0, 1, 4 మాత్రమే. వీటిలో మూడింటిని ఎలా కూడినా 7 శేషం రాదు. అంటే రెండు వర్గాలుగా గానీ మూడు వర్గాలుగా గానీ 'స'ను రాయలేము. నాలుగు వర్గాలు మాత్రం చాలునని 1770లో లగ్రాంజ్ నిరూపించిన సిద్ధాంతం హామీ ఇస్తుంది. ఆ నాలుగింటినీ పట్టుకోవడం ఇలా.

ముందుగా (2³² − 1) వర్గాన్ని తీసేస్తే మిగిలేది 2³³ − 2 = 8589934590. దానికి లోపల అతి దగ్గరి వర్గం 92681² = 8589767761; మిగిలేది 166829. ఇది 13 × 41 × 313. మూడింటినీ 4తో భాగిస్తే శేషం 1 కాబట్టి ఒక్కొక్కటీ రెండు వర్గాల మొత్తమవుతుంది: 13 = 3² + 2², 41 = 5² + 4², 313 = 13² + 12². రెండేసి వర్గాల మొత్తాలను గుణించే బ్రహ్మగుప్తుని సర్వసమీకరణంతో మొదటి రెండూ కలిసి 533 = 23² + 2², దాన్ని 313తో కలిపితే 166829 = 323² + 250². కాబట్టి

స = 4294967295² + 92681² + 323² + 250²

ఇలా ఒక్క ప్రయత్నంలో కుదరడం అదృష్టం. మిగిలిన సంఖ్య కుదరకపోతే 92681కి బదులు 92680, 92679 అని కిందికి దిగుతూ ప్రయత్నించాలి.

పద్ధతిని సొంతంగా సాధన చేయాలనుకునేవారికి సరైన తరువాతి సంఖ్య 'స'కు రెండు కలిపితే వచ్చే 2⁶⁴ + 1 = 18446744073709551617. దీని భాజకాలు లూకా నియమం ప్రకారం 256క + 1 రూపంలో ఉండాలి. 'క' 1071 అయినప్పుడు 274177 దొరుకుతుంది, భాగఫలం 67280421310721. అది ప్రధాన సంఖ్య అని ఇదే తీరులో నిరూపించాలంటే 82 లక్షల వరకు, అంటే సుమారు 32 వేల అభ్యర్థులను వడపోయాలి. 1880లో లాండ్రీ ఈ విభజనను యంత్రం సాయం లేకుండానే ప్రకటించాడు. ఇప్పుడైతే పది వరసల పైథాన్ ప్రోగ్రాం సరిపోతుంది.